మూడు మిల్లీమీటర్ల పిల్లకు మేత దొరికిన కథ

1860ల్లో కథ్‌బర్ట్ కాలింగ్‌వుడ్ అనే బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త దక్షిణ చైనా సముద్రంలో ఓడ మీద తిరుగుతూ ఒక పగడపు దిబ్బ మీద దిగాడు. ఛాతీలోతు నీళ్లలో నిలబడి చూస్తుంటే అడుగున ఒక పెద్ద ఎనిమోనీ పరుచుకుని కనిపించింది. దాని స్పర్శకాల నిండా విషం చిమ్మే కణాలుంటాయి. చిన్న చేప తగిలితే దాన్ని కదలనివ్వకుండా చేసి నోట్లోకి లాగేసుకుంటుంది. అలాంటి జంతువు మీదే ఒక అందమైన చిన్న చేప నింపాదిగా ఈదుతోంది. పట్టుకోబోతే తప్పించుకుంది గానీ దూరంగా పారిపోలేదు, మళ్లీ మళ్లీ ఆ చోటుకే వచ్చింది. ఈ వింతను కాలింగ్‌వుడ్ 1868లో లండన్ నుంచి వెలువడే ఒక ప్రకృతి శాస్త్ర పత్రికలో రాశాడు. క్లౌన్ చేపకూ ఎనిమోనీకీ ఉన్న చుట్టరికం యూరప్ శాస్త్రలోకానికి తెలిసింది ఆ రాతతోనే.

ఆ జాతి చేపలు ఇవాళ హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో మూడడుగుల గాజుతొట్టిలో తిరుగుతున్నాయి. నారింజ రంగు ఒళ్లు, దానిమీద మూడు తెల్ల పట్టీలు, పట్టీ అంచున సన్నని నల్ల గీత. సముద్రానికి సుమారు మూడు వందల కిలోమీటర్ల దూరంలో, బోరు నీళ్లు వాడుకునే ఇంట్లో సముద్రపు చేప ఏళ్ల తరబడి బతుకుతోందంటే దాని వెనుక నూట యాభై ఏళ్ల శ్రమ ఉంది. అది చేపను పట్టడానికి పడిన శ్రమ కాదు. ఎనిమోనీని వదిలి పోదు కాబట్టి క్లౌన్ చేప చిన్న చేతివలకే దొరికిపోతుంది. కష్టమైనవి రెండే. మొదటిది నీళ్లు. రెండోది, అంతకన్నా కష్టమైనది, గుడ్డు నుంచి అప్పుడే బయటపడిన పిల్లకు మేత.

క్లౌన్ చేపల్లో ముప్పై దాకా జాతులున్నాయి. ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి రెండు. పెర్కులాకు 1802లో ఫ్రెంచి శాస్త్రవేత్త లాసెపేడ్ పేరు పెట్టాడు. దానికి కవల అనిపించే ఒసెల్లారిస్‌ను 1830లో కువియే వర్ణించాడు. ఒసెల్లారిస్ అండమాన్ నుంచి ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, వాయవ్య ఆస్ట్రేలియా దాకా ఉంటుంది. పెర్కులా న్యూగినీ, సోలమన్ దీవుల వైపుది. తమిళనాడు తీరాన మన్నారు సింధుశాఖలో సెబే అనే పెద్దసైజు క్లౌన్ చేప ఉంది. లోకంలో వెయ్యికి పైగా ఎనిమోనీ జాతులున్నా వీటికి ఇల్లయ్యేవి పదే. ఈ చేపలన్నీ వెచ్చటి పగడపు సముద్రాలవే. వాటిని ఇంట్లో పెంచాలన్న కోరిక మాత్రం చలిదేశంలో పుట్టింది.

1846లో అన్నా థిన్ అనే ఆమె ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని టార్కీలో సముద్రపు ఒడ్డున పగడపు జీవుల్ని చూసి ముచ్చటపడి, వాటిని జాడీలో లండన్‌కు తెచ్చుకుంది. భర్త వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో మతాధికారి. ఇల్లు సముద్రానికి దూరం. మొదట్లో తీరం నుంచి నీళ్లు తెప్పించుకుని మారుస్తూ వచ్చింది. అది అయ్యే పని కాదని తేలాక ఉన్న నీళ్లలోనే ప్రాణం నిలపడం ఎలాగో చూసింది. కిటికీ దగ్గర పనిమనిషి రోజూ అరగంటకు పైగా ఆ నీళ్లను ఒక పాత్ర నుంచి మరో పాత్రలోకి ఎత్తి పోస్తూ గాలి కలిపేది. తర్వాత ఆమె సముద్రపు నాచు కూడా వేసి చూసింది. నీళ్లకు గాలి కావాలన్న మాట ఆ పనిమనిషి చేతుల మీదుగానే రుజువైంది. ఇవాళ ఇంటి అక్వేరియంలో గుడగుడమనే మోటారు చేసేదీ అదే పని. ఆ పనిమనిషి పేరు మాత్రం ఎక్కడా మిగల్లేదు.

1845లో బ్రిటన్‌లో గాజు మీద పన్ను ఎత్తేయడంతో పెద్ద అద్దాలు చవకయ్యాయి. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త చేపనూ మొక్కనూ ఒకే తొట్టిలో ఉంచితే ఒకదాన్నొకటి బతికిస్తాయని కెమికల్ సొసైటీకి రాశాడు. 1853లో లండన్ రీజెంట్స్ పార్కు జంతుశాలలో ప్రజల కోసం మొదటి చేపలశాల తెరిచారు. దాని వెనుక ఉన్న ఫిలిప్ హెన్రీ గాస్ మరుసటేడు 'ది అక్వేరియం' అనే పుస్తకం వేశాడు. తీరానికి వెళ్లలేని వాళ్ల కోసం వంట ఉప్పు, ఎప్సమ్ సాల్ట్, మెగ్నీషియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్ మంచినీళ్లలో కలిపి సముద్రపు నీళ్లు తయారుచేసే కొలత కూడా ఆయనే చెప్పాడు. ఇంగ్లండ్ మధ్యతరగతి ఇళ్లలో సముద్రపు తొట్టి పెద్ద మోజైంది. కొన్నేళ్లకు ఆ మోజు తగ్గింది. నీళ్లు పాడయ్యేవి, జీవులు చచ్చేవి. ఎందుకన్నది అప్పటికి ఎవరికీ అంతుపట్టలేదు.

క్లౌన్ చేప ఆ తొట్లలోకి రాలేకపోయింది. జావా నుంచి లండన్‌కు ఓడలో వారాల ప్రయాణం. దారిలో నీళ్లు వేడెక్కితే ఒక చావు, చల్లబడితే ఇంకో చావు. అందుకని దాని మీద అసలు పరిశీలన దాని సొంత ఊరికి దగ్గర్లోనే, అప్పటి డచ్చి వాళ్ల బటావియాలో జరిగింది. ఇప్పటి జకార్తా అది. అక్కడ స్లౌటర్ అనే డచ్చి జంతుశాస్త్రవేత్త క్లౌన్ చేపల్ని తొట్లలో ఉంచి చూసి 1888లో ఫలితం రాశాడు. ఎనిమోనీ తోడు లేని చేపల్ని అదే తొట్టిలోని పెద్ద చేపలు తినేశాయి. ఎనిమోనీ ఉన్నవి బతికాయి. వేటచేప లేని తొట్టిలోనైతే ఎనిమోనీ లేకపోయినా క్లౌన్ చేప హాయిగానే ఉంది. అంటే ఎనిమోనీ దానికి తిండీ కాదు, మందూ కాదు, కాపలా. ఇంట్లో పెంచేవాళ్లకు ఈ ఒక్క సంగతీ చాలా పెద్ద వెసులుబాటు. ఎనిమోనీని పెంచడం చేపను పెంచడం కంటే ఎన్నో రెట్లు కష్టం. దానికి బలమైన వెలుతురు, ఏళ్ల తరబడి నిలకడగా ఉండే నీళ్లు కావాలి.

1930లో అదే బటావియాలో యాన్ వెర్వే పెద్ద పరిశోధన పత్రం వేశాడు. మరో ఇరవై ఎనిమిదేళ్లకు అమెరికాలో డావెన్‌పోర్ట్, నోరిస్ తొట్టి ముందు కూర్చుని అసలు తమాషాను దగ్గర్నుంచి రాశారు. కొన్నాళ్లు ఎనిమోనీకి దూరంగా ఉంచిన చేపను మళ్లీ దాని దగ్గర వదిలితే తిన్నగా లోపలికి దూకదు. ముందు కింది నుంచి వస్తుంది. తోకతో ఒక స్పర్శకాన్ని తాకి చటుక్కున వెనక్కి తగ్గుతుంది. మళ్లీ వస్తుంది, ఈసారి పొట్టతో రాస్తుంది. స్పర్శకం కొద్దిగా అంటుకుంటే విదిలించుకుంటుంది. ఈ తంతు ఒక్కోసారి గంటల తరబడి సాగుతుంది. చివరికి అంటుకోవడం ఆగిపోతుంది, చేప లోపలికి వెళ్లి పొర్లుతుంది. రహస్యం చేప ఒంటిమీది జిగురుపొరలో ఉందని వాళ్లు తేల్చారు. ఆ పొరలో ఏముంది, ఏం లేదు అన్నదాని మీద పరిశోధన ఇప్పటికీ నడుస్తోంది.

మన వైపు సంగతికొస్తే, 1909లో మద్రాసు మెరీనా ఒడ్డున ఒక అక్వేరియం తెరిచారు. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గర్ థర్స్టన్ చొరవతో వచ్చింది అది. అప్పట్లో కోస్తా జిల్లాలూ రాయలసీమా మద్రాసు ప్రెసిడెన్సీలోవే కాబట్టి, బతికున్న సముద్రపు చేపను అద్దం వెనుక చూడాలనుకున్న తెలుగువాడికి దారి మద్రాసుకే. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అది మూతపడింది. 1951లో బొంబాయి మెరీన్ డ్రైవ్ మీద తారాపూర్‌వాలా అక్వేరియం వచ్చింది. తర్వాత విశాఖ బీచ్ రోడ్డులో మత్స్యదర్శిని వెలిసింది. ఈ మూడూ ఉన్నది సముద్రం ఒడ్డునే. నీళ్లు దగ్గర్లో ఉంటేనే సముద్రపు చేప అని అందరి లెక్క. ఊరి మధ్య ఇంట్లో అది కుదరాలంటే ముందు ఆ లెక్క మారాలి.

లెక్క రెండో యుద్ధం తర్వాత మారింది. పాలిథీన్ సంచి వచ్చింది. మూడోవంతు నీళ్లు పోసి, పైన ఆక్సిజన్ నింపి, మూతి బిగించి కడితే చేప ఒకటిన్నర రోజు నిలుస్తుంది. జెట్ విమానాలు మనీలానూ సింగపూర్‌నూ లాస్ ఏంజెలెస్‌కు ఒక్కరోజు దూరంలోకి తెచ్చాయి. 1959లో ఫ్లోరిడాలో చేపలు పట్టి అమ్మే రాబర్ట్ స్ట్రాన్ ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకోవడం మీద ఒక పుస్తకం రాశాడు. ఆ కాలపు తొట్లు ఇనుప చట్రంలో బిగించిన అద్దాలు. ఉప్పునీళ్లు చట్రాన్ని తినేసేవి, తుప్పూ లోహపు విషమూ నీళ్లలోకి దిగేవి. 1960ల్లో సిలికాన్ జిగురు వచ్చాక చట్రమే అక్కర్లేకపోయింది. అద్దానికి అద్దం అతికించి తొట్టి కట్టేశారు. ఉప్పునీటి అక్వేరియం చరిత్రలో దీనికి రావలసినంత పేరు రాలేదు. ఆ జిగురు రాకపోతే మిగతా తెలివితేటలేవీ నిలిచేవి కావు.

గాస్ నాలుగు ఉప్పులతో మొదలుపెట్టిన పనిని క్లీవ్‌లాండ్ అక్వేరియంలో విలియం కెల్లీ కొలిక్కి తెచ్చాడు. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో ఉప్పే ఎక్కువ అయినా మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, ఇంకా అతి కొద్దిపాటి ఎన్నో ఖనిజాలు సరైన పాళ్లలో పడాలి. 1964 నాటికి ఆయన 'ఇన్‌స్టంట్ ఓషన్' పేరుతో ఆ మిశ్రమాన్ని సంచుల్లో అమ్మడం మొదలుపెట్టాడు. రెండు వందల లీటర్ల తొట్టికి ఏడు కిలోలు. కుళాయి ఉన్న ప్రతి ఇల్లూ తీరమైంది.

అయినా చేపలు చచ్చేవి.

కారణం గోదావరి జిల్లాల్లో ఏ ఆక్వా రైతును అడిగినా చెప్తాడు: అమ్మోనియా. చేప మొప్పల నుంచి అమ్మోనియా విడుస్తుంది, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను పెద్దగా హాని లేని నైట్రేట్‌గా మారుస్తాయి. రష్యన్ శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ ఈ బ్యాక్టీరియాను 1890 ప్రాంతంలోనే మట్టిలో కనిపెట్టాడు. ఆ సంగతి చేపల తొట్టి దాకా రావడానికి డెబ్బై ఏళ్లకు పైగా పట్టింది. అంతకాలం వారింగ్టన్ చెప్పిన మొక్క మీదే అందరి నమ్మకం. కొత్త తొట్టిలో నీళ్లు అద్దంలా మెరుస్తుంటే మురిసిపోయి నాలుగు చేపల్ని వదిలేసేవాళ్లు. బ్యాక్టీరియా ఇంకా పుట్టని ఆ నీళ్లలో వారం తిరక్కుండా అవి తేలేవి. 1970లో స్టీఫెన్ స్పాట్ నీటి యాజమాన్యం మీద రాసిన పుస్తకం అక్వేరియం వాళ్లకు ఈ చక్రాన్ని అంకెలతో సహా వివరించింది. తొట్టి నింపాక నెల, నెలన్నర ఆగాలి, అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు దిగాకే చేప అన్న నియమం అప్పట్నుంచి స్థిరపడింది.

జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన ఇదంతా చదవకుండానే గట్టెక్కాడు. 1961లో ఒక అమెరికన్ పత్రికలో తన తొట్టి సంగతి రాశాడు. ఫిల్టర్ లేదు, జల్లెడ లేదు. అసలు సముద్రపు నీళ్లు, దిబ్బ నుంచి తెచ్చిన జీవం ఉన్న రాళ్లు, సన్నగా వచ్చే గాలిబుడగలు, అంతే. రాళ్ల రంధ్రాల్లోని బ్యాక్టీరియా పనంతా చేసేది. చేపలూ పగడాలూ కలిసి ఏళ్ల తరబడి బతికాయి. ఫిల్టర్ల మీదే గురి ఉన్న అమెరికా దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. తర్వాతి దశాబ్దంలో జర్మనీ వాళ్లు రాళ్లకు బలమైన దీపాలూ, నీటిలోని మలినాన్ని నురగగా తీసేసే స్కిమ్మర్‌నూ జోడించాక లోకం మళ్లీ ఆ దారికే వచ్చింది. ఇవాళ ఇళ్లలో కనిపించే తొట్లు చాలావరకు ఆ జకార్తా తొట్టి సంతానమే.

నీళ్లు చేతికొచ్చిన కాలంలోనే ఒక పాపమూ మొదలైంది. 1960ల నుంచి ఫిలిప్పీన్స్‌లో, తర్వాత ఇండోనేషియాలో రంగుచేపల్ని పట్టడానికి సోడియం సైనైడ్ వాడారు. నీళ్లలో కరిగించి, ప్లాస్టిక్ సీసాతో పగడపు సందుల్లోకి చిమ్మితే చేపలు మత్తెక్కి తేలతాయి. కొన్ని అక్కడే చస్తాయి, కొన్ని కొనుక్కున్న వాడింట్లో చస్తాయి. చిమ్మిన చోట పగడం తెల్లబారి పోతుంది. క్లౌన్ చేపకు సైనైడ్ అవసరం అంతగా లేదు, వల చాలు. దాని కష్టం వేరే రకం. చేపతో పాటు ఎనిమోనీని కూడా పీక్కొచ్చి అమ్మేవారు. ఎనిమోనీ నెమ్మదిగా పెరిగి చాలా ఏళ్లు బతికే జంతువు, పీకిన చోట ఇంకొకటి తొందరగా రాదు. ఫిలిప్పీన్స్ సెబు ప్రాంతం మీద 2005లో వచ్చిన అధ్యయనంలో, వేట ఎక్కువున్న చోట చేపలే కాదు ఎనిమోనీలూ బాగా తక్కువగా కనిపించాయి. ఇల్లు పోయిన చేప దిబ్బ మీద ఎన్నాళ్లో మిగలదు. స్లౌటర్ తొట్టి 1888లోనే ఆ మాట చెప్పింది.

ఇంట్లోనే గుడ్లు పెట్టించగలిగితే ఈ వేట బాధ తీరుతుంది. అందుకు దారి చూపిన సంగతి 1977లో 'నేచర్' పత్రికలో వచ్చింది. హన్స్ ఫ్రికె, సిమోన్ ఫ్రికె అనే జర్మన్ పరిశోధకులు క్లౌన్ చేపల గుంపులో ఒక కట్టుబాటు గమనించారు. ఒక ఎనిమోనీలో అందరికన్నా పెద్దది ఆడది. రెండోది మగది. మిగిలినవన్నీ ఆడా మగా కాని చిన్నవి. ఆడది పోతే మగది కొన్ని వారాల్లో ఆడదిగా మారిపోతుంది, చిన్నవాటిలో పెద్దది మగదిగా ఎదుగుతుంది. చాలా చేపల్లో ఆడా మగా పోల్చి జత కట్టడమే గగనం. క్లౌన్ చేపలో ఆ బెడదే లేదు. ఏ రెండు పిల్లల్ని కలిపి వదిలినా చాలు, గట్టిది ఆడదవుతుంది. పెద్దది మీదికొస్తే చిన్నది పక్కకు ఒరిగి ఒళ్లంతా వణికిస్తుంది, నీదే పైచేయి అని ఒప్పుకున్నట్టు. ఆ వణుకు కనిపిస్తే జత కుదిరినట్టే అని పెంచేవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు.

కుదిరిన జత ఎనిమోనీ పక్కన రాయినో, తొట్టిలో పెట్టిన పెంకునో ఎంచుకుని నోటితో గంటల తరబడి శుభ్రం చేస్తుంది. ఆడది పొట్ట ఆనించి వరసలుగా గుడ్లు అతికిస్తూ పోతుంది, వెనకే మగది. కొన్ని వందల గుడ్లు. మొదట్లో నారింజ రంగు, రెండు మూడు రోజులకు ముదురుతాయి, వారం దగ్గరపడేసరికి ఒక్కో గుడ్డులో రెండేసి వెండి కళ్లు మెరుస్తాయి. ఆ వారమంతా మగది రెక్కలతో విసురుతూ, చెడిన గుడ్డును నోటితో ఏరేస్తూ కాపలా ఉంటుంది. వారానికి అటూ ఇటూగా ఒక రాత్రి దీపాలు ఆర్పిన తర్వాత అన్నీ దాదాపు ఒక్కసారే పగిలి పిల్లలు పైకి లేస్తాయి. మూడు నాలుగు మిల్లీమీటర్ల పొడవు, ఒళ్లు గాజులా పారదర్శకం.

ఇక్కడే అందరూ ఓడిపోయారు. మంచినీటి చేపపిల్లలకు పెట్టినట్టు గుడ్డు పచ్చసొన పిండి పెడితే అవి ముట్టవు. కదిలేది కావాలి, అదీ నోట్లో పట్టేంత చిన్నది కావాలి. రెండు మూడు రోజులు తిండి లేకపోతే చాలు, తొట్టి ఖాళీ.

దారి జపాన్‌లో, అదీ చేపల చెరువుకు పట్టిన ఒక పీడలో దొరికింది. అక్కడ పాముచేపలు పెంచే చెరువుల్లో ఉన్నట్టుండి పచ్చటి నీళ్లు రంగు మారి, ఆక్సిజన్ పడిపోయి చేపలు చచ్చేవి. రోటిఫర్ అనే కంటికి ఆనని జీవి నీటిలోని పచ్చ నాచును తినేస్తూ విపరీతంగా పెరిగిపోవడమే కారణం. ఆ తెగులును పరిశీలించిన తకాషి ఇటో 1960లో దాన్ని తిరగేసి ఆలోచించాడు. ఇంత త్వరగా ఇన్ని పుడుతున్నాయంటే సముద్రపు చేపపిల్లలకు ఇదే మేత ఎందుకు కాకూడదు? మిల్లీమీటరులో పదోవంతు నుంచి నాలుగోవంతు దాకా సైజు, నింపాదిగా తిరిగే నడక, ఉప్పునీళ్లలో బతుకు. మూడు మిల్లీమీటర్ల పిల్ల నోటికి సరిగ్గా సరిపోయే ముద్ద. జపాన్ హేచరీలు ఎర్ర సీబ్రీమ్ అనే తిండిచేప కోసం దాన్ని పీపాల కొద్దీ పెంచాయి. అక్వేరియం వాళ్లకు అది ఒక వరమైంది. తిండిచేప కోసం జరిగిన ఆ పని లేకపోతే ఇంట్లో పుట్టిన క్లౌన్ చేప ఇంకెన్నాళ్లు ఆలస్యమయ్యేదో.

ఫ్లోరిడాలో మార్టిన్ మో అనే సముద్ర జీవశాస్త్రవేత్త 1970ల మొదట్లో ఆ రోటిఫర్లతోనే ఒసెల్లారిస్ పిల్లల్ని అమ్మకానికి సరిపడా పెంచి చూపాడు. పగడపు సముద్రపు చేపను వ్యాపార స్థాయిలో తొట్టిలో పుట్టించి పెంచడం అదే ఆరంభం. అదే ఫ్లోరిడాలో ఫ్రాంక్ హాఫ్ హేచరీ పెట్టి ఏళ్ల తరబడి పెంచిన అనుభవమంతా 1996లో పుస్తకంగా అచ్చేశాడు. ఇద్దరూ తమ కిటుకుల్ని దాచుకోకుండా రాయడం వల్లే తర్వాతి తరం ఇంటి గ్యారేజీల్లో కూడా పిల్లల్ని తీయగలిగింది. పద్ధతి ఈనాటికీ పెద్దగా మారలేదు. పచ్చ నాచు ఒక డ్రమ్ములో, రోటిఫర్లు ఇంకో డ్రమ్ములో. మొదటి వారం పది రోజులు రోటిఫర్, ఆ తర్వాత ఆర్టీమియా. పది పన్నెండు రోజులకు గాజు ఒంటిమీద మొదటి తెల్ల పట్టీ తేలుతుంది. పట్టీ వచ్చిందంటే గండం గడిచినట్టు.

ఆర్టీమియా పేరు కోస్తాలో కొత్తగా చెప్పక్కర్లేదు. 1930ల్లో శాన్‌ఫ్రాన్సిస్కో అక్వేరియంలో ఆల్విన్ సీల్ మొదటిసారి చేపపిల్లలకు పెట్టి చూసిన ఈ ఉప్పురొయ్య, యూటా రాష్ట్రపు గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి డబ్బాల్లో వచ్చి భీమిలి నుంచి నెల్లూరు దాకా రొయ్య హేచరీల్లో లక్షల పిల్లల కడుపు నింపింది. 1980ల చివర విశాఖ దగ్గర తాస్‌పార్క్ పేరుతో ప్రభుత్వ ఎగుమతుల సంస్థ టైగర్ రొయ్య సీడ్ హేచరీ పెట్టాక తీరం పొడవునా ప్రైవేటు హేచరీలు వెలిశాయి. ఉప్పుశాతం చూడటం, ఆర్టీమియా గుడ్లు పొదిగించి పెంకులు వేరు చేయడం, తెల్లవారుజామున మేత వేయడం ఈ తీరంలో వేలమందికి చేతి పని. క్లౌన్ చేపను పెంచడానికి కావలసిన నేర్పులో సగానికి పైగా ఆంధ్ర తీరంలో ఇప్పటికే ఉంది. ఆ పని ఇంకా పెద్దగా ఇటు రాకపోవడం విచారించదగ్గ విషయం.

2003 మే 30న 'ఫైండింగ్ నెమో' విడుదలైంది. నెమో అనే క్లౌన్ చేపపిల్లను సముద్రం నుంచి పట్టుకుపోయి తొట్టిలో పెడితే దాని తండ్రి పడే యాతన ఆ సినిమా కథ. అది చూసిన పిల్లలే నెమో కావాలని పట్టుబట్టారని, దిబ్బలు ఖాళీ అవుతున్నాయని లోకమంతా పత్రికలు రాశాయి. 2017లో మిలిట్జ్, ఫోల్ అనే పరిశోధకులు అందుబాటులో ఉన్న లెక్కలన్నీ తిరగేసి, సినిమా వల్ల అడవి క్లౌన్ చేపల వేట ఆ స్థాయిలో పెరిగిందనడానికి గట్టి ఆధారం లేదని తేల్చారు. నింద సినిమాది కాకపోయినా వ్యాపారం చిన్నది కాదు. 2004-05లో ఒక్క అమెరికాకే 1,802 జాతుల సముద్రపు అలంకార చేపలు కోటీ పది లక్షలకు పైగా దిగుమతయ్యాయి. అందులో చాలా ఎక్కువ భాగం సముద్రంలో పట్టినవే. క్లౌన్ చేపకు మాత్రం అప్పటికి హేచరీ ఉంది. మోజు పెరిగిన రోజున ఆ బరువు మోయడానికి డ్రమ్ముల్లో రోటిఫర్లు సిద్ధంగా ఉన్నాయి.

హేచరీ వచ్చాక రంగుల పిచ్చీ వచ్చింది. డార్విన్ తీరాన సహజంగానే నల్లగా ఉండే ఒసెల్లారిస్ దొరికితే దాన్ని నారింజతో కలిపారు. పట్టీలు చెదిరిన పెర్కులాను పికాసో అన్నారు, ఇంకొన్ని స్నోఫ్లేక్, ప్లాటినం. వాటి ధరలు మామూలు చేపకు ఎన్నో రెట్లు. పట్టీ ఒంకర అయితే అందమేమో గానీ, హడావుడిగా సరైన మేత లేకుండా పెంచిన పిల్లల్లో మొప్ప మూత కురచబారడం, దవడ వంకర పోవడం కూడా కనిపిస్తుంది. అది అందం కాదు, ఆ పిల్ల ఆకలి. కొనేవాళ్లు రంగు కన్నా ముందు మొప్పల వైపు చూడాలి.

మన దేశంలో ఈ విద్య 2000ల్లో నిలదొక్కుకుంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మండపం కేంద్రంలోనూ, పరంగిపేటలోని అన్నామలై విశ్వవిద్యాలయ సముద్ర జీవశాస్త్ర కేంద్రంలోనూ సెబే, ఒసెల్లారిస్ లాంటి క్లౌన్ చేపల్ని పొదిగించి పెంచే పద్ధతులు రూపొందించి, తీరగ్రామాల వాళ్లకు శిక్షణ ఇచ్చారు. నవీ ముంబై ఐరోలీలో మడ అడవుల సంరక్షణ విభాగం క్లౌన్ చేపల హేచరీ నడుపుతోంది. ఇంకోవైపు 2001లో దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. మన సముద్రంలో పగడం పీకడం, అమ్మడం పులిని చంపినంత నేరం. లీ చిన్ ఎంగ్ పద్ధతిలో దిబ్బ నుంచి రాళ్లు తెచ్చుకునే మార్గం ఇక్కడ మూసుకుపోయింది. అది మంచిదే. ఇప్పుడు కాల్చి తయారుచేసిన మట్టి రాళ్లలోనూ బ్యాక్టీరియా అంతే బాగా కాపురం ఉంటోంది.

తెలుగు నేల మీద ఈ తొట్టికి అసలు శత్రువు ఎండాకాలం. క్లౌన్ చేపకు 25 నుంచి 28 డిగ్రీలు సుఖం. మే నెలలో హైదరాబాద్ ఇంట్లో నీళ్లు 32 దాటతాయి, వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ నిలవదు. చిల్లర్ కొనలేని వాళ్లు నీటి మీదికి చిన్న ఫ్యాన్లు తిప్పి రెండు మూడు డిగ్రీలు దించుతారు. దాంతో నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు ఆవిరవదు, రోజురోజుకీ నీళ్లు చిక్కనవుతాయి. తరిగిన మేరకు ఉప్పునీళ్లు పోస్తే చేప చస్తుంది, ఉప్పు లేని ఆర్వో నీళ్లే పోయాలి. కొత్తవాళ్లు తరచూ తడబడేది ఇక్కడే. ఈ ఒడ్డు దాటితే చేప బాగా బతుకుతుంది. తొట్లలో ఇరవై ఏళ్లు దాటిన క్లౌన్ చేపలున్నాయి. న్యూగినీ దిబ్బల మీద పెర్కులాలు ముప్పై ఏళ్ల దాకా బతకగలవని 2007లో ఒక అధ్యయనం అంచనా వేసింది.

క్లౌన్ చేపకు దక్కిన అదృష్టం పగడపు దిబ్బల మీది ఎక్కువ చేపలకు ఇంకా దక్కలేదు. అవి రాయికి అంటించి కాపలా కాసే గుడ్లు పెట్టవు. నీటిలోకి వదిలేస్తాయి, పుట్టే పిల్లలు ఇంకా చిన్నవి, వాటి నోట్లో రోటిఫర్ కూడా పట్టదు. వాటికి కోపెపాడ్ అనే ఇంకా సన్నటి జీవి పిల్లలు కావాలి. హవాయిలోని ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ 2015లో పసుపు ట్యాంగ్‌ను ఆ మేతతోనే పెంచి చూపింది. 2016లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం రస్కిన్ ప్రయోగశాలలో నీలి ట్యాంగ్, అంటే సినిమాలోని డోరీ, మొదటిసారి తొట్టిలో పుట్టి పెద్దదైంది. రోటిఫర్ డ్రమ్ములో కిక్కిరిసి పెరుగుతుంది, కోపెపాడ్ అలా గుంపుగా పెరగదు, నీళ్లు ఎక్కువ కావాలి, పుట్టేవి తక్కువ. హేచరీల్లో ఇప్పుడు నడుస్తున్న పాటు దాన్ని చవగ్గా, ఎక్కువగా పెంచడం ఎలాగన్నదే.